మందుకు పార్టీ ఉంటుందా?



2020వ సంవత్సరం వేసవి మీకు గుర్తుండే ఉంటుంది. వీధులు నిర్మానుష్యంగా ఉండేవి. ఆసుపత్రి ఓపీలో మనిషికీ మనిషికీ మధ్య సున్నం గీతలు గీసేవారు. ఆ రోజుల్లో జ్వరంతో వచ్చినవారి బంధువులు డాక్టర్లను తరచుగా ఒక ప్రశ్న అడిగేవారు. "డాక్టరు గారూ, అమెరికా అధ్యక్షుడే వేసుకుంటున్న మాత్ర మా నాన్నకు ఎందుకు రాయలేదు?"

అది తప్పుడు ప్రశ్న కాదు. కన్నతండ్రి ఊపిరి అందక బాధపడుతుంటే ఎవరైనా అలాగే అడుగుతారు. దానికి సమాధానం చెప్పాలంటే ముందుగా ఒక మందు పనిచేస్తుందో లేదో ఎలా తెలుస్తుందో చెప్పాలి. ఆ కష్టకాలంలో అంత తీరిక ఎవరికీ లేకపోయింది. ఇప్పుడు కొంచెం నెమ్మదిగా చూద్దాం. ఇటువంటి ప్రశ్న మన ఇంట మరల రాదని చెప్పలేము.

అసలు ఆ మాత్ర ఏమిటి?

దాని పేరు హైడ్రాక్సీక్లోరోక్విన్. ఇది కొత్త మందు కాదు. మలేరియాకు వాడిన క్లోరోక్విన్ అనే మందుకు ఇది దగ్గరి చుట్టం. కీళ్ళవాతానికీ, లూపస్ అనే వ్యాధికీ డాక్టర్లు దీనిని ఎన్నో ఏళ్ళుగా రాస్తున్నారు. ఆ రోగులకు ఇది నిజంగా మేలు చేసే మందు. ధర తక్కువ. మన దేశంలో విస్తారంగా తయారవుతుంది.

ప్రయోగశాలలో, గాజు పాత్రలో ఉంచిన కణాల మీద ఈ మందు కరోనా వైరస్‌ను అడ్డుకుంటున్నట్లు కనిపించింది. అక్కడే ఆశ మొదలైంది. అయితే గాజు పాత్ర వేరు, మనిషి శరీరం వేరు. పాత్రలో వైరస్‌ను చంపే పదార్థాలు చాలా ఉన్నాయి. సబ్బు నీళ్ళు కూడా చంపుతాయి. అంతమాత్రాన సబ్బు నీళ్ళు తాగితే జబ్బు తగ్గదు కదా!

మార్సెయి నుండి వచ్చిన వార్త

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను ప్రపంచవ్యాప్త మహమ్మారిగా పేర్కొంది. ఆ తరువాత కొద్ది రోజులకే ఫ్రాన్సులోని మార్సెయి నగరంలో డాక్టర్ డిడియే రావూల్ బృందం ఒక చిన్న అధ్యయనాన్ని ప్రచురించింది. హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇచ్చినవారి ముక్కులో వైరస్ త్వరగా మాయమైందని అందులో రాశారు. దానికి అజిత్రోమైసిన్ కలిపితే ఇంకా బాగా పనిచేసిందని కూడా చెప్పారు.

కానీ అందులో లెక్క ఎలా వేశారో చూడండి. మందు ఇచ్చినది 26 మందికి. చివరి లెక్కలో ఉన్నది 20 మంది. మిగిలిన 6గురు ఏమయ్యారు? ముగ్గురిని ఐసీయూకు మార్చారు. ఒకరు మరణించారు. ఒకరు వికారం వల్ల మందు మానేశారు. ఒకరు ఆసుపత్రి వదిలి వెళ్ళిపోయారు. పరీక్షలో తప్పినవారిని పక్కన పెట్టి పాసైనవారిని మాత్రమే లెక్కిస్తే ఏ బడిలోనైనా నూటికి నూరు ఫలితాలే వస్తాయి!

పైగా మందు తీసుకోనివారు 16 మందే. వారిలో కొందరు వేరే ఆసుపత్రుల రోగులు. ఏ రోగికి మందు ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో చీటీ వేసి నిర్ణయించలేదు. ఇటువంటి పోలిక మీద ఆధారపడి ప్రపంచమంతటికీ వైద్యం నిర్ణయించడం సాధ్యం కాదు. ఆ వ్యాసాన్ని పత్రిక చివరకు 2024 డిసెంబరులో ఉపసంహరించుకుంది. అప్పటికి నాలుగున్నర సంవత్సరాలు గడిచిపోయాయి.

మాత్ర జెండాగా మారింది

ఈ చిన్న అధ్యయనం వచ్చిన మరునాడే, అంటే మార్చి 21న, అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ ఈ రెండు మందుల కలయిక వైద్య చరిత్రనే మార్చివేయగలదని ప్రకటించారు. అంతకు ముందు రోజే అమెరికా అంటువ్యాధుల నిపుణుడు డాక్టర్ ఆంథోనీ ఫౌచీ విలేకరుల ముందు వేరే మాట చెప్పారు. ఈ మందు గూర్చి ఉన్నవి అక్కడక్కడా విన్న అనుభవాలే తప్ప రుజువు కాదని ఆయన అన్నారు. ఒకే ప్రభుత్వం నుండి రెండు మాటలు వచ్చాయి. ప్రజలు ఎవరి పార్టీ మాట వారు నమ్మారు.

మార్చి 28న అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అత్యవసర అనుమతి ఇచ్చింది. ఏప్రిల్ 24న గుండె లయ దెబ్బతినవచ్చని అదే సంస్థ హెచ్చరించింది. మే 18న తాను స్వయంగా ఈ మాత్ర వేసుకుంటున్నానని ట్రంప్ చెప్పారు. జూన్ 15న ఆ సంస్థ తన అత్యవసర అనుమతిని రద్దు చేసింది.

బ్రెజిల్ పరిస్థితి ఇంకా కష్టమైనది. అక్కడి అధ్యక్షుడు జైర్ బోల్సొనారో సైనిక ప్రయోగశాలల్లో క్లోరోక్విన్ ఉత్పత్తి పెంచమని ఆదేశించారు. ఆరోగ్య మంత్రిగా ఉన్న డాక్టర్ మందెట్టాను ఏప్రిల్ 16న పదవి నుండి తొలగించారు. భౌతిక దూరం విషయంలోను, ఈ మందు విషయంలోను ఇద్దరికీ పొసగలేదు. తరువాత వచ్చిన డాక్టర్ టైష్ క్యాన్సరు వైద్య నిపుణుడు. ఆయన కూడా నెల తిరగకుండానే మే 15న రాజీనామా చేశారు. ఆ స్థానంలోకి వైద్యుడు కాని ఒక సైనికాధికారి వచ్చారు. మే 20న స్వల్ప లక్షణాలు ఉన్నవారికి కూడా ఈ మందు వాడవచ్చని ఆ దేశ ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. దానికి ముందు రోజు బోల్సొనారో నవ్వుతూ ఒక మాట అన్నారు. కుడి పక్షం వారు క్లోరోక్విన్ తాగుతారు, ఎడమ పక్షం వారు సోడా తాగుతారు అని దాని భావం.

నవ్వులాటగా అన్నా ఆ మాటలో అసలు ప్రమాదం ఉంది. మాత్ర వేసుకోవడం ఒక పార్టీకి గుర్తు అయింది. వేసుకోకపోవడం మరొక పార్టీకి గుర్తు అయింది. అదే దేశంలోని మనౌస్ నగరంలో పరిశోధకులు 81 మంది రోగుల మీద క్లోరోక్విన్‌ను రెండు మోతాదుల్లో పరీక్షించారు. ఎక్కువ మోతాదు ఇచ్చినవారిలో మరణాలు ఎక్కువగా కనిపించడంతో ఆ మోతాదును వెంటనే ఆపివేశారు. ప్రమాదాన్ని గమనించి ఆపినందుకు కృతజ్ఞతలు రావలసింది. దానికి బదులు ఆ పరిశోధకులకు చంపుతామని బెదిరింపులు వచ్చాయి.

మన దేశం దాకా వచ్చిన గొడవ

ఈ మాత్ర తయారీలో భారతదేశానిది పెద్ద వాటా. 2020 మార్చి 25న మన ప్రభుత్వం దీని ఎగుమతిని నిలిపింది. ఏప్రిల్ 6న ట్రంప్, భారత్ పంపకపోతే ప్రతిచర్య ఉండవచ్చని అన్నారు. మరునాడు మన ప్రభుత్వం ఎగుమతికి పాక్షికంగా అనుమతి ఇచ్చింది. బోల్సొనారో మన ప్రధానికి రాసిన ఉత్తరంలో లక్ష్మణుని కోసం హనుమంతుడు హిమాలయాల నుండి తెచ్చిన మందును గుర్తు చేశారు. ఇంకా రుజువు కాని మాత్రకు సంజీవని అన్న పేరు వచ్చేసింది!

మార్చి నెలలోనే భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, కోవిడ్ రోగులకు సేవ చేసే ఆరోగ్య సిబ్బంది ముందు జాగ్రత్తగా ఈ మాత్ర వేసుకోవచ్చని సూచించింది. ఆ వార్త వినగానే చాలామంది మందుల షాపులకు పరుగెత్తారు. ప్రభుత్వం దీనిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్1లో చేర్చవలసి వచ్చింది. ప్రపంచంలో అనేక చోట్ల లూపస్, కీళ్ళవాతం రోగులకు తమ రోజువారీ మాత్ర దొరకక ఇబ్బంది కలిగింది. ఎవరికి పనిచేస్తుందని తెలుసో వారికి అందలేదు. ఎవరికి పనిచేస్తుందో తెలియదో వారి ఇళ్ళలో నిల్వ ఉంది.

రెండవ వైపు జరిగిన పొరపాటు

తప్పు అంతా ఒక పక్షానిదే అనుకోకండి. 2020 మే 22న లాన్సెట్ అనే ప్రసిద్ధ వైద్య పత్రికలో ఒక పెద్ద వ్యాసం వచ్చింది. సుమారు 96,000 మంది రోగుల వివరాలు పరిశీలించామని, ఈ మందు తీసుకున్నవారిలో మరణాలు పెరిగాయని అందులో ఉంది. ట్రంప్‌ను వ్యతిరేకించేవారు, చూశారా, మేము చెప్పలేదా అన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన పరీక్షలో ఈ మందును తాత్కాలికంగా ఆపింది.

తరువాత ఏమైంది? ఆ వివరాలు సమకూర్చింది సర్జిస్ఫియర్ అనే చిన్న కంపెనీ. అసలు రికార్డులు చూపించమని అడిగితే చూపించలేకపోయింది. జూన్ 4న, అంటే రెండు వారాలు కూడా తిరగకుండా, ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకున్నారు.

మనకు నచ్చిన ఫలితం వచ్చినప్పుడు ఎవరమూ లోతుగా ప్రశ్నించము. ఈ బలహీనత అన్ని పార్టీల వారికీ ఉంది. డాక్టర్లకూ ఉంది.

చీటీలు వేసినట్లు చేసే పరీక్ష

మరి నిజం ఎలా తెలిసింది? దీనిని కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

జలుబుకు మందు వేసుకుంటే వారంలో తగ్గుతుంది, వేసుకోకపోతే ఏడు రోజుల్లో తగ్గుతుంది అని మన పెద్దలు నవ్వుతూ అనేవారు. కోవిడ్ సోకిన వారిలో చాలామందికి ఏ ప్రత్యేక మందూ లేకుండానే తగ్గింది. ఆ వారంలో వారు హైడ్రాక్సీక్లోరోక్విన్ వేసుకుంటే దానివల్లే తగ్గిందంటారు. కషాయం తాగితే కషాయం వల్లే అంటారు. కాకి వాలగానే తాటిపండు పడితే, కాకే పడగొట్టింది అనుకోవడం వంటిదే ఇది.

కాబట్టి తగ్గినవారిని చూస్తే చాలదు. మందు లేకుండా ఎంతమందికి తగ్గేదో కూడా తెలియాలి. అందుకని రోగులను రెండు గుంపులుగా చేస్తారు. ఎవరు ఏ గుంపులోకి వెళ్ళాలో డాక్టరు నిర్ణయించడు. చీటీ తీసినట్లు కంప్యూటరు నిర్ణయిస్తుంది. అప్పుడు వయసు మళ్ళినవారు, షుగరు ఉన్నవారు, బలమైనవారు రెండు వైపులా దాదాపు సమానంగా పడతారు. ఒక గుంపుకు మామూలు వైద్యంతో పాటు కొత్త మందు ఇస్తారు. రెండవ గుంపుకు మామూలు వైద్యం మాత్రమే ఇస్తారు. తరువాత రెండింటినీ పోల్చుతారు.

బ్రిటన్‌లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు రికవరీ అనే పేరుతో ఇటువంటి పరీక్ష చేశారు. ఆసుపత్రిలో చేరిన 1,561 మందికి హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇచ్చారు. 3,155 మందికి మామూలు వైద్యం చేశారు. 28 రోజులలో మందు తీసుకున్నవారిలో నూటికి 27 మంది మరణించారు. తీసుకోనివారిలో నూటికి 25 మంది మరణించారు. ఈ చిన్న తేడా యాదృచ్ఛికంగా కూడా రావచ్చు, కాబట్టి మందు చంపిందని దీనినిబట్టి చెప్పలేము. కానీ ప్రాణాలు కాపాడలేదని మాత్రం స్పష్టంగా తెలిసింది.

వ్యాధి సోకకుండా ఆపుతుందా అన్నదానిని అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయం వారు పరీక్షించారు. కోవిడ్ రోగికి దగ్గరగా మెలిగిన 821 మందిని తీసుకున్నారు. మాత్ర వేసుకున్న 414 మందిలో 49 మందికి జబ్బు వచ్చింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 407 మందిలో 58 మందికి వచ్చింది. చెప్పుకోదగిన తేడా లేదు.

మన దేశంలో కూడా మంచి పరీక్ష జరిగింది. కోలుకున్నవారి రక్తం నుండి తీసిన ప్లాస్మా కోసం కుటుంబాలు ఎంత తిరిగాయో మనకు తెలుసు. ఐసీఎంఆర్ 39 ఆసుపత్రులలో 464 మంది మీద పరీక్షించి, దానివల్ల మరణాలు తగ్గలేదని 2020లోనే తేల్చింది. అయినా చికిత్సా మార్గదర్శకాల నుండి దానిని తొలగించింది 2021 మేలో. హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను, ఐవర్‌మెక్టిన్‌ను తొలగించింది 2021 సెప్టెంబరులో. రుజువు వచ్చిన తరువాత కూడా అలవాటు మారడానికి చాలా కాలం పట్టింది.

ప్రచారం లేని మందు పనిచేసింది

ఇప్పుడు సంతోషకరమైన సంగతి. అదే రికవరీ పరీక్షలో డెక్సామెథసోన్ అనే మందును కూడా చూశారు. ఇది చాలా పాత స్టెరాయిడ్, ధర కూడా చాలా తక్కువ. దీని కోసం ఏ పార్టీ వారూ పెద్దగా వాదించుకోలేదు. 2020 జూన్ 16న ఫలితం తెలిసింది. వెంటిలేటర్ మీద ఉన్నవారిలో మామూలు వైద్యంతో నూటికి 41 మంది మరణిస్తే, ఈ మందు ఇచ్చినవారిలో 29 మంది మరణించారు. ఆక్సిజన్ మాత్రమే పెట్టుకున్నవారిలో కూడా మరణాలు 26 నుండి 23కు తగ్గాయి.

అయితే ఆక్సిజన్ అవసరం లేనివారికి దీనివల్ల లాభం కనిపించలేదు. వారిలో మందు తీసుకోనివారు నూటికి 14 మంది మరణిస్తే తీసుకున్నవారు దాదాపు 18 మంది మరణించారు. అంటే నష్టం కూడా జరగవచ్చు.

2020 అక్టోబరులో ట్రంప్‌కే కోవిడ్ సోకి ఆసుపత్రిలో చేరారు. ఆయన వైద్యులు ప్రకటించిన మందులలో డెక్సామెథసోన్ ఉంది. హైడ్రాక్సీక్లోరోక్విన్ లేదు.

ఈ పాఠాన్ని మన దగ్గర చాలామంది సగమే విన్నారు. 2021లో రెండవ వేవ్ వచ్చినప్పుడు స్వల్ప జ్వరానికి కూడా మొదటి రోజు నుండే స్టెరాయిడ్లు వేసుకున్నవారు ఉన్నారు. స్టెరాయిడ్ వల్ల రక్తంలో చక్కెర పెరుగుతుంది, ఇన్‌ఫెక్షన్లతో పోరాడే శక్తి తగ్గుతుంది. షుగరు వ్యాధి ఎక్కువగా ఉన్న మన ప్రాంతాలలో బ్లాక్ ఫంగస్ పెరగడానికి ఇది ఒక ముఖ్య కారణం. 2021 మేలో తెలంగాణ ప్రభుత్వం ఈ ఫంగస్ వ్యాధి కేసులను తప్పనిసరిగా తెలియజేయాలని ఆదేశించింది. కన్ను పోగొట్టుకున్నవారు, దవడ ఎముక తీయించుకున్నవారు ఉన్నారు. మంచి మందు కూడా తగిన రోగికి, తగిన సమయంలో, తగిన మోతాదులో ఇస్తేనే మంచిది.

"వేసుకుంటే పోయేదేముంది?"

అందరూ అనే మాట ఇది. పోయేవి ఉన్నాయి.

మొదటిది, దుష్ఫలితాలు. హైడ్రాక్సీక్లోరోక్విన్ కొందరిలో గుండె లయను దెబ్బతీస్తుంది. అజిత్రోమైసిన్ కలిపితే ఆ ప్రమాదం పెరుగుతుంది. 2020 మార్చిలో అమెరికాలోని అరిజోనాలో ఒక వ్యక్తి, చేపల తొట్టి శుభ్రం చేసే క్లోరోక్విన్ రసాయనాన్ని మందు అనుకొని మింగి మరణించాడు.

రెండవది, సమయం. ఇంట్లో మాత్రలు వేసుకుంటూ తగ్గుతుందిలే అని ఎదురు చూసినవారు, ఆక్సిజన్ బాగా పడిపోయిన తరువాత ఆసుపత్రికి వచ్చేవారు.

మూడవది, ధైర్యం. మందు వేసుకున్నాము కదా అని మాస్కు తీసివేయడం, గుంపులోకి వెళ్ళడం జరుగుతుంది. 2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో మూలికల మందు కోసం వేలాది మంది ఒకచోట చేరారు. వారిలో జబ్బు ఉన్నవారు ఉన్నారు, లేనివారు ఉన్నారు. ప్రభుత్వం పంపిణీని కొంతకాలం ఆపి పరిశీలింపజేసింది. కోవిడ్‌ను నయం చేస్తుందనడానికి ఆధారం లేదని నివేదిక వచ్చింది. కంటిలో వేసే చుక్కలు తప్ప మిగతావి ఇవ్వవచ్చని, డాక్టర్లు రాసిన మందులు మాత్రం మానవద్దని మే 31న ప్రభుత్వం చెప్పింది. ఈలోగా మన దగ్గర కూడా పార్టీల మధ్య వాదోపవాదాలు నడిచాయి. వాషింగ్టన్‌లో జరిగినదే కృష్ణపట్నంలోనూ జరిగింది.

మరి నాయకులు ఏమి చేయాలి?

మహమ్మారి సమయంలో నాయకులు మాట్లాడకూడదని మేము అనడం లేదు. ఆసుపత్రులకు డబ్బు ఇవ్వాలా, బడులు మూయాలా, ఆక్సిజన్ ముందు ఎక్కడికి పంపాలి అన్నవి రాజకీయ నిర్ణయాలే. వాటిలో భేదాభిప్రాయాలు సహజం, అవసరం కూడా. కానీ ఈ మందు ప్రాణం కాపాడుతుందా అన్న ప్రశ్నకు ఓట్లతో జవాబు రాదు. పరీక్షతోనే వస్తుంది. నాయకులు ఆ పరీక్ష త్వరగా జరిగేటట్లు సహాయం చేయవచ్చు. ఫలితం రాకముందే ప్రకటించకూడదు. ఫలితం వచ్చిన తరువాత, తమ మాట తప్పైతే మార్చుకోవాలి.

డాక్టర్లకు కూడా ఇదే వర్తిస్తుంది. రోగి ముందు "నాకు తెలియదు" అనడం కష్టమే. ఏదో ఒకటి రాసి పంపడం తేలిక. 2020లో చాలామంది డాక్టర్లు మంచి ఉద్దేశంతోనే ఆ తేలిక దారిన నడిచారు.

కొత్త మందు గూర్చి విన్నప్పుడు అడగవలసిన ప్రశ్నలు

1. ఈ మందును మనుషుల మీద పరీక్షించారా, లేక ప్రయోగశాలలో మాత్రమేనా?

2. మందు తీసుకోనివారితో పోల్చారా? చీటీ వేసినట్లు గుంపులు చేశారా?

3. ఎంతమంది? మధ్యలో మానేసినవారిని, మరణించినవారిని లెక్కలో ఉంచారా?

4. ఫలితం దేనిలో? ప్రాణం నిలిచిందా, లేక పరీక్ష రిపోర్టు మాత్రమే మారిందా?

5. జబ్బు ఏ దశలో ఉన్నవారికి పనిచేసింది? నా దశ అదేనా?

6. నాకున్న గుండె జబ్బు, షుగరు, నేను వాడుతున్న మందులతో దీనికి పొసగుతుందా?

7. చెప్పినవారు నాకు ఇష్టమైన నాయకుడు కాకపోతే, ఇదే మాట నేను నమ్మేవాడినా?

ఈ చివరి ప్రశ్న మనసులోనే వేసుకోవాలి. అన్నిటికన్నా కష్టమైనది ఇదే.

ఓపీలో ఆ రోజు అడిగిన కుమారునికి ఈ రోజు మేము ఇలా చెబుతాము. "బాబూ, ఆ మాత్ర ఎవరు వేసుకున్నారని కాదు, ఎవరికి తగ్గించింది అని చూడాలి. మీ నాన్నగారికి ఇప్పుడు ఆక్సిజన్ ఎంత ఉందో చూద్దాం. దానినిబట్టి పనిచేస్తుందని తెలిసిన మందే ఇద్దాం. తెలియనిదానిని తెలియదని మీకు చెబుతాము."